బాపు ఊరికి తిరిగిపోదామంటున్నాడు, మరి నా ఊరేది?

సూరత్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, తండ్రి పల్లె పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆ రెండూ వదిలేసి, సంగతి మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఆయనకు 38 ఏళ్లు. తండ్రిది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె, పద్మశాలి కుటుంబం. చేనేత మగ్గం మీద తిండి గడవక 1983లో సూరత్ వెళ్లి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. మొదటి రెండేళ్లు సూరత్‌లోని లింబాయత్ పేటలో ఒకే గదిలో ఆరుగురు మగవాళ్లు ఉండేవారు. తర్వాత ఊరెళ్లి భార్యను తెచ్చుకున్నాడు. ఆయన పన్నెండు గంటల షిఫ్టు చేస్తే, ఆమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. అక్క, ఈయన, తమ్ముడు ముగ్గురూ అక్కడే పుట్టారు. ఈయన కార్పొరేషన్ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివారు. పైన తెలుగులో చదువు లేక హిందీ మీడియంలో చేరి, నానా తంటాలు పడి బీకాం గట్టెక్కారు. ఇప్పుడు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఒక సేఠ్ దగ్గర లెక్కలు రాస్తున్నారు. అక్కను మహారాష్ట్రలోని భివండీలో ఇచ్చారు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని అక్కడే కాపురం పెట్టాడు.

తండ్రికి ఇప్పుడు 64 ఏళ్లు. సాంచాల (మరమగ్గాల) చప్పుడులో ముప్పై అయిదేళ్లు గడిపిన చెవులు సరిగా వినపడవు. పని మానేసి ఆరేళ్లయింది. ఊళ్లో 2012లో స్లాబు ఇల్లు కట్టించాడు. బతుకమ్మకు, దసరాకు తాళం తీస్తారు, పండగయ్యాక వేస్తారు. సూరత్‌లో కింద రెండు గదులు, పైన ఒక గది ఉన్న ఇల్లు తండ్రి పేరు మీదే ఉంది. దానికి మంచి బేరం వచ్చింది. "కన్న ఊరు ఉండంగ ఈ దేశంల ఎందుకు సచ్చుడు? అమ్మి అందరం పోదాం" అని ఆయన పట్టు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి ఫ్లాట్ కొందామని తమ్ముడి మాట. ఈయన భార్యది కరీంనగర్ వైపు పల్లె. 2010లో పెళ్లయి సూరత్ వచ్చింది, గుజరాతీ నేర్చుకుంది, జాకెట్లు, చీరల ఫాల్స్ కుట్టి సొంత సంపాదన మొదలుపెట్టింది. "ఇరవై రెండేండ్లకు ఊరు ఇడిపిచ్చి తెచ్చినవ్. గీడ పని పట్టుకొని నిలవడ్డ. ఇగ మల్ల మొదటికేనా?" అంటోంది. కూతురు ఎనిమిదో తరగతి, కొడుకు రెండు. ఇద్దరూ ఇంగ్లిష్ మీడియమే, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. "అది తాతది, నాది గాదు" అని కూతురు తేల్చేసింది.

ఉత్తరం చివర ఆయన రాసిన వాక్యాలు యథాతథంగా ఇస్తున్నాను: "1994ల ప్లేగు వచ్చినప్పుడు రాత్రికి రాత్రి ఊరికి ఉరికినం. 2006 వరదల ఇల్లు మునిగితే మల్ల ఊరికే పోయినం. 2020ల లాక్‌డౌన్ అప్పుడూ అంతే. గీడ మమ్మల్ని తెలుగోళ్లు అంటరు, ఊరికి పోతే సూరతోళ్లు అంటరు. నేను ఎటు పోవాలె?"

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపేసినవి ఆ మూడు సంవత్సరాలే. మూడుసార్లు ఊరికి పరుగెత్తారు. ఆ మూడుసార్లూ తిరిగి సూరత్‌కే వచ్చారు. ప్లేగు భయం తగ్గాక మీ బాపు ఎవరూ పిలవకుండానే నవజీవన్ రైలెక్కి ఉంటారు. తపతి నది నీళ్లు తీశాక మీ అమ్మ ఆ బురద ఇల్లే కడుక్కుని ఉంటుంది. అంటే ప్రాణం మీదికి వస్తే ఊరు, బతకడానికి సూరత్ అని మీ ఇల్లు నలభై ఏళ్లుగా లెక్క వేసుకుని నడిచింది. ఆ లెక్కను తప్పుపట్టను. కానీ ఇప్పుడు మీ బాపు అడుగుతున్నది ఈ రెండింట్లో ఒకదాన్ని పూర్తిగా చెరిపేయమని. అందుకే మీకు ఊపిరాడటం లేదు.

ముందు "తిరిగి" అన్న మాట దగ్గర ఆగుదాం. మీ ఇంట్లో ఆ మాట ఎవరికి వర్తిస్తుంది? మీ బాపుకు, అమ్మకు వర్తిస్తుంది. మీ భార్యకు సగమే, ఎందుకంటే ఆమె పుట్టిన పల్లె వేరు, మీ బాపు పల్లె వేరు. మీకు, పిల్లలకు అసలు వర్తించదు. జనగణన వాళ్లు మనిషి పుట్టినచోటును, ఇంతకుముందు ఉన్నచోటును చూసి వలసను లెక్కిస్తారు. ఆ లెక్కన సూరత్‌లో పుట్టి సూరత్‌లోనే ఉన్న మీరు వలస మనిషి కాదు. రేపు సిరిసిల్ల దగ్గరి సొంత ఇంటికి వెళ్లి కాపురం పెడితే, ఆ రోజు నుంచి మీరు వలసదారు అవుతారు. వినడానికి వింతగా ఉంది కానీ మీ మనసు చెబుతున్నదీ అదే. బాపుకు ఇంటికి చేరడం, మీకు కొత్త చోటికి వలస. ఒకే రైలు, ఒకే టికెట్టు అయినా ప్రయాణాలు రెండు. కాబట్టి "వెళ్దామా, వద్దా" అని ఇంట్లో అందరికీ కలిపి ఒక్క జవాబు వెతకడం మానేయండి.

ఆ జనగణనలోనే ఇంకో సంగతి ఉంది. 2011లో దేశంలో వలస వచ్చినవాళ్లు 45 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లలో అతిపెద్ద వర్గం పెళ్లయి అత్తగారి ఊరు చేరిన ఆడవాళ్లు. మనం వలస అనగానే పెట్టె పట్టుకున్న మగవాడిని తలుచుకుంటాం. మీ ఉత్తరంలో కూడా బాపు వలస రెండు పేజీలు ఉంది, మీ భార్య వలస రెండు వాక్యాలు. ఆమె మాట మీద మళ్లీ వస్తాను.

మీ బాపు ఆ రోజు తీసుకున్న నిర్ణయం మీ అందరినీ ఇక్కడిదాకా ఎలా తెచ్చిందో ఒకసారి చూడండి. 1983లో ఆయన సూరత్ వెళ్లడం కన్నా, రెండేళ్లకు మీ అమ్మను తీసుకురావడమే పెద్ద మలుపు. మీ చుట్టూ సాంచాలు నడిపే ఒడియా కార్మికులను చూసే ఉంటారు. గంజాం జిల్లా నుంచి వచ్చి మెస్సు గదుల్లో షిఫ్టు మార్చుకుని పడుకుంటారు. మీ బాపు లాగే, అదే కార్ఖానాలో, అదే పని. కానీ వాళ్లలో ఎక్కువమంది భార్యాపిల్లలు ఊళ్లోనే. వాళ్ల పిల్లలకు సూరత్ అంటే నాన్న డబ్బు పంపే చోటు. పెద్దయి వాళ్లూ రావచ్చు, కానీ కొత్తవాళ్లలాగే వస్తారు. మీ ఇంట్లో అలా జరగలేదు. మనిషితో పాటు పొయ్యి కూడా వెళ్లింది. పొయ్యి ఎక్కడ రాజుకుంటే పిల్లల బడి అక్కడ, స్నేహాలు అక్కడ, మొదటి ఉద్యోగం అక్కడ. పాలమూరు నుంచి పనులకు వెళ్లి, పిల్లలను నాయనమ్మల దగ్గర వదిలిన కుటుంబాల కథ వేరేగా నడిచింది అందుకే.

నాకు ఇది ఇంట్లో తెలిసిన విషయం. మా మేనమామ కృష్ణా జిల్లాలో రెండెకరాలు అమ్మి, తుంగభద్ర కాలవ నీళ్లు వచ్చాక కర్ణాటకలోని సింధనూరు దగ్గర ఒక క్యాంపులో ఎనిమిదెకరాలు కొన్నాడు. ఆ చుట్టుపక్కల, గంగావతి వైపు, తెలుగు రైతుల ఊళ్లకు పేరు చివర క్యాంపు అని ఉంటుంది. క్యాంపు అంటే నాలుగు రోజులు ఉండి వెళ్లే చోటు. డెబ్భై ఏళ్లవుతోంది. మా మామ చివరిదాకా "మన ఊరు" అంటే కృష్ణా జిల్లానే. ఆయన మనవలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. వాళ్లలో ఒకడు బెంగళూరు వెళ్లాడు, మిగతావాళ్లు ఆ పొలం దగ్గరే ఉన్నారు. పొలం అక్కడ ఉంది మరి. మనసు ఒకచోట, ఆస్తి ఒకచోట ఉంటే, పిల్లలు ఆస్తి ఉన్నచోటే నిలుస్తారు. నేను చూసినంతలో ఇది తప్పిన ఇళ్లు తక్కువ. సోలాపూర్ తెలుగువాళ్లను చూడండి. బీడీలు చుట్టే మహిళలు సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడి, ఊరి బయట కుంభారిలో పది వేల ఇళ్లు సాధించుకున్నారు. పేరు మీద ఇల్లు వచ్చాక ఆ ఇళ్ల మనవలు ఏ ఊరివాళ్లని ఎవరూ అడగరు.

మీ ముగ్గురి సంగతీ చూడండి. అక్క మహారాష్ట్రలో, మీరు గుజరాత్‌లో, తమ్ముడు తెలంగాణలో. ఒక్క మనిషి ఊరు మారితే పిల్లలు మూడు రాష్ట్రాలకు చేరారు. అందులో ఒక్కరు కూడా ఆ పల్లెలో లేరు. ఇది యాదృచ్ఛికం కాదు. సంబంధాలు చూసేటప్పుడు సూరత్, భివండీ, సోలాపూర్, సిరిసిల్ల మన నేతవాళ్లకు ఒకే గొలుసు, కాబట్టి అక్క ఆ గొలుసు వెంట వెళ్లింది. తమ్ముడికి సొంత రాష్ట్రం అనే పిలుపూ కావాలి, నగరం జీతమూ కావాలి. రెండూ దొరికేది హైదరాబాద్‌లోనే. మీ బాపు పల్లెకు అనుకున్నాడు, కొడుకు రాజధాని దాకా వచ్చి ఆగాడు. వలస వెళ్లినవాళ్ల పిల్లలు సొంత రాష్ట్రానికి వచ్చినా తండ్రి ఊరికి రావడం అరుదు. మీ బాపుతో ఈ మాట మెల్లగా చెప్పండి. తాను ఓడిపోయానని ఆయన అనుకోకూడదు. మగ్గం మీద పూట గడవని ఇంటి నుంచి ముగ్గురు పిల్లలను నిలబెట్టిన మనిషి ఆయన.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దారులు. వీటిలో దేన్నయినా తేల్చే ముందు ఒక తేదీ మీకు తెలియాలి. అది వచ్చే జూన్. మీ అమ్మాయి తొమ్మిదిలోకి వెళ్తుంది.

తెలంగాణలో మెడికల్ సీట్లలో స్థానిక కోటా కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. ఈ నిబంధన మీద కేసులు నడిచాయి, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇంజనీరింగ్ కన్వీనర్ సీట్లలోనూ 85 శాతం స్థానికులకే. మరోవైపు గుజరాత్‌లో మెడికల్ సీటుకు పది, పన్నెండు తరగతులు ఆ రాష్ట్రం బడుల్లోనే పాసై ఉండాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ అమ్మాయికి కదలడానికి మంచి సమయం ఒకటే, తొమ్మిదో తరగతి మొదట్లో. అది దాటితే పన్నెండు అయ్యేదాకా కదపవద్దు. పదో తరగతి సూరత్‌లో, ఇంటర్ హైదరాబాద్‌లో చదివిస్తే అక్కడా ఇక్కడా కాకుండా పోతుంది. పిల్లల చదువు మధ్యలో ఇలా రాష్ట్రం మార్చి, సీటు సమయంలో ఏ రాష్ట్రానికీ చెందని పిల్లలయిన ఇళ్ల నుంచి నాకు ఉత్తరాలు వస్తుంటాయి. చదివినప్పుడల్లా ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల లెక్క ఇంకోలా ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం స్థానికులకు, ఆ స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. మీ అమ్మాయి ఆ ఏడేళ్లూ సూరత్‌లో చదివేసింది. ఈ రోజు పల్లెకు వెళ్లినా ఆ తలుపు ఆమెకు దాదాపు మూసుకున్నట్టే. మీ అబ్బాయి రెండోలో ఉన్నాడు. వచ్చే ఏడాది మూడో తరగతి తెలంగాణలో చేరితే ఏడింటిలో అయిదేళ్లు ఇక్కడివి అవుతాయి. ఒకే ఇంట్లో, ఒకే రోజు రైలు దిగిన అక్కాతమ్ముళ్లలో తమ్ముడు స్థానికుడు, అక్క స్థానికేతరురాలు. చదువుతుంటేనే మనసు చివుక్కుమంటుంది, కానీ రూలు అదే. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు సమయంలో నోటిఫికేషన్ చూసుకోండి. నిర్ణయం మాత్రం ఇప్పుడున్న దాని మీదే తీసుకోవాలి.

కుల ధ్రువీకరణ కూడా ఊరితోనే ముడిపడి ఉంది. తెనాలిలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లిన ఒక గిరిజన విద్యార్థి అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీ కోటా అడిగితే, ఒక రాష్ట్రంలోని హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. బీసీ జాబితాలూ రాష్ట్రానికొకటి. తెలంగాణలో పద్మశాలీలు బీసీ-బి. మీరు ఎక్కడ ఉండాలని తేల్చుకున్నా సరే, మీ బాపు ఓపికగా తిరగగలిగినప్పుడే, ఊళ్లో ఆయనను గుర్తుపట్టే పెద్దలు ఉన్నప్పుడే, ఆయన పాత బడి కాగితం, కుల పత్రం తీయించి పెట్టుకోండి. ఇంకో పదేళ్లకు "వీళ్లు ఫలానా వాళ్ల పిల్లలు" అని చెప్పేవాళ్లు ఊళ్లో మిగలకపోవచ్చు.

ఇక మొదటి దారి, బాపు అన్నట్టు అందరూ ఊరికి. ఇల్లు ఉంది, కిరాయి లేదు, అమ్మానాన్న పిల్లల కళ్లముందు ఉంటారు. కానీ మీ సంపాదన? సిరిసిల్లలో మరమగ్గాల పని ప్రభుత్వ ఆర్డర్ల మీద బాగా ఆధారపడి నడుస్తోంది. 2017లో ప్రభుత్వం పంచే బతుకమ్మ చీరల నేత మొదలయ్యాక సాంచాలు ఆడాయి, ఆర్డరు ఆగినప్పుడు అవీ ఆగాయి. మీరు నేతపని వాళ్లు కారు, లెక్కలు రాసే మనిషి. అక్కడ ఆసాములకు (సాంచాలు నడిపించే చిన్న యజమానులకు), వ్యాపారులకు లెక్కలు రాసేవాళ్లు అవసరమే, జీతం మాత్రం రింగ్ రోడ్డు జీతం కాదు. వెళ్లి అడగకుండా, ఇద్దరు ముగ్గురి నోట రూపాయి మాట వినకుండా ఈ దారిలో అడుగు వేయవద్దు. అమ్మాయికి తెలుగు రాయడం చదవడం రాదన్నారు. 2018 చట్టంతో తెలంగాణలో పదో తరగతి దాకా ఏ బడి అయినా తెలుగు తప్పనిసరి. పద్నాలుగో ఏట అక్షరాలు దిద్దడం అసాధ్యం కాదు. కానీ కొత్త ఊరు, కొత్త స్నేహితులు, దాని మీద తెలుగు పరీక్ష. ఆ బరువు పిల్ల మీద పడుతుందని తెలిసి వెళ్లాలి.

హైదరాబాద్ రెండోది. మీ పనికి అవకాశాలు ఉన్నాయి, ఊరు నాలుగు గంటల దూరం, తమ్ముడు ఉన్నాడు. నాకు భయమేసేది కలిసి కొనే ఫ్లాట్ దగ్గర. సూరత్ ఇల్లు అమ్మిన డబ్బు బాపుది. దానితో కొన్న ఫ్లాట్ ఎవరి పేరు మీద? అక్క వాటా ఏది? ఆ ఇల్లు మీ బాపు స్వార్జితం కాబట్టి అమ్మే హక్కు ఆయనది. వీలునామా లేకుండా ఆయన పోతే మాత్రం మీ అమ్మకు, మీ ముగ్గురికి సమానంగా వస్తుంది. మీ ఉత్తరంలో అక్క ప్రస్తావన "భివండీలో ఇచ్చారు" అన్న దగ్గర ఆగిపోయింది. ఇవాళ ఫోన్ చేయండి. వాటా మాట్లాడటానికే కాదు, మీ బాపుతో ఎలా మాట్లాడాలో బహుశా మీ ముగ్గురిలో ఆమెకే బాగా తెలుసు. పుట్టిన ఊరు వదిలి వెళ్లి మళ్లీ వేళ్లు దించిన అనుభవం మీ తోబుట్టువుల్లో ఆమెకే ముందు వచ్చింది.

మూడోది, మీరు సూరత్‌లో ఉండి అమ్మానాన్న మాత్రం ఊరికి వెళ్లడం. దీన్ని మీరు ఉత్తరంలో ఒక్క మాటలో కొట్టేశారు, "ముసలోళ్లని ఒక్కలను ఎట్ల పంపుత?" అని. తొందరపడవద్దు. మీ బాపును సూరత్‌లో ఇప్పుడు ఒక రోజంతా గమనించండి. పొద్దున లేచి ఎక్కడ కూర్చుంటున్నారు? ఎవరితో మాట్లాడుతున్నారు? చెవులు వినపడని మనిషికి గుజరాతీ వీధిలో మాట అందడం ఎంత కష్టం! ఆయనకు ఊరంటే అరుగు మీద పెదాల కదలిక చూసి పోల్చుకోగలిగే మాటలేమో. వినికిడి పరీక్ష చేయించి మిషను పెట్టిస్తే సూరత్ కూడా ఆయనకు కొంత దగ్గరవుతుంది. అది ఎలాగూ చేయించాల్సిందే.

ఊళ్లోనూ ఆయన అనుకున్న ఊరు ఉండకపోవచ్చు. 1983లో వదిలిన ఈడువాళ్లలో ఎంతమంది మిగిలారు? పండగకు వెళ్లినప్పుడు కనిపించే జనం వేరు, ఆషాఢంలో మామూలు మంగళవారం కనిపించే జనం వేరు. ఆ పండగ జనంలో సగం సూరత్ నుంచి, భివండీ నుంచి వచ్చినవాళ్లే. అందుకని సంక్రాంతి దాటాక, ఏ పండగా లేని రోజుల్లో, బాపును, అమ్మను ఆర్నెల్లు ఊళ్లో ఉండనివ్వండి. సూరత్ ఇల్లు అమ్మకుండా. రాత్రి పన్నెండుకు ఛాతీలో నొప్పి వస్తే ఎవరు వస్తారు, బండి ఎవరిది, సిరిసిల్ల ఆసుపత్రికి ఎంతసేపు అన్నది వెళ్లే ముందే తేల్చుకోండి. పక్కింటివాళ్ల నంబరు, ఆటో అబ్బాయి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆర్నెల్ల తర్వాత ఆయనే చెబుతారు. నీళ్లు తాగి చల్లబడ్డారా, లేక మనవరాలి గొంతు కోసం ఫోను చుట్టూ తిరుగుతున్నారా అని.

ఇక్కడ నాకు అనిపించిన ఒక మాట చెబుతాను, తప్పయితే మన్నించండి. మీ బాపు అన్నది "ఈ దేశంల ఎందుకు సచ్చుడు" అని. బతకడం గురించి కాదు ఆ మాట, పోవడం గురించి. తన ఊరి మట్టిలో, తనవాళ్ల మధ్య పోవాలన్నది ఒక కోరిక. ఇల్లు అమ్మడం ఇంకో విషయం. ఈ రెండూ ఆయన నోట ఒకటిగా కలిసిపోయాయి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, వినపడేలా, "బాపూ, ఎక్కడున్నా నిన్ను ఊరికే తీసుకపోత, అన్నీ గాడనే చేస్త" అని మాటివ్వండి. దానికి ఏం ఖర్చవుతుందో, బండి ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి. వృద్ధులకు ఆ వివరాలే ధైర్యమిస్తాయి. ఆ మాట దొరికాక ఇల్లు అమ్మాలన్న పట్టు సడలవచ్చు. సడలకపోతే, అప్పుడు ఆయన నిజంగా ఊళ్లో బతకాలనుకుంటున్నారని మీకు తెలుస్తుంది.

ఇంకా ఒక దారి ఉంది, మీరు రాయనిది. మీరు ఒక్కరే మార్కెట్ పనిలో సూరత్‌లో ఉండి, భార్యాపిల్లలను బాపుతో ఊరికో, సిరిసిల్లకో పంపడం. చాలా ఇళ్లలో చివరికి జరిగేది ఇదే, అందుకే ముందుగా చెబుతున్నాను. దీన్ని నేను వద్దంటాను. నలభై ఏళ్ల కింద మీ బాపు తెచ్చిన పొయ్యిని మీరు వెనక్కి పంపి మళ్లీ గది మనిషి అయినట్టు. పిల్లలకు స్థానికత వస్తుంది, తండ్రి దూరమవుతాడు. మీ భార్య మీద ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, పోయిన సంపాదన. ఆమె అడగకుండా ఈ మాట మీ నోట రాకూడదు.

ఆమె విషయం. "మల్ల మొదటికేనా" అన్న ప్రశ్నకు జవాబు ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. ఒక దర్జీ మనిషికి గిరాకీ అంటే పక్క వీధి ఆడవాళ్ల కొలతలు రాసుకున్న నోటుబుక్కు. ఆ పుస్తకం వేరే ఊళ్లో పనికిరాదు. మీ ఉద్యోగం పోతే ఇంకో సేఠ్ దొరుకుతాడు, ఆమెకు గిరాకీ మళ్లీ ఇంటింటికీ తిరిగి పోగు చేసుకోవాల్సిందే. నెలకు ఆమె ఎంత సంపాదిస్తోందో మీకు తెలుసా? తెలియకపోతే అడగండి, ప్రతి దారి లెక్కలో ఆ అంకె రాయండి. ఊరికి వెళ్లాక ఆమె ఒక్కతే వంటింట్లోకి వెళ్లిపోయే ఏర్పాటు ఏదైనా సరే, అది ఆమెను అడిగి చేసినది కాదు.

ఇల్లు మాత్రం ఇప్పుడు అమ్మవద్దు. ఈ ఒక్క విషయంలో "ఇలా చేయండి" అంటున్నాను. బేరం బాగుందని మధ్యవర్తి తొందరపెడతాడు, అతని పని అది. ఆర్నెల్లు ఆగితే ఆ ఇల్లు ఎక్కడికీ పోదు. పైగది కిరాయికి ఇస్తే బాపు ఊరి ఖర్చుకు వస్తుంది. ఇల్లు అమ్మి వెళ్లాక తిరిగి లింబాయత్‌లో అంత ఇల్లు కొనడం మీ జీతంతో కుదరదు. ఊరి ఇల్లు కూడా అలాగే ఉండనివ్వండి. 1994, 2006, 2020 గుర్తుంది కదా, ఆ తాళం చెవి మీ ఇంటికి ఎంత విలువైనదో మీకే బాగా తెలుసు. అయితే ఒక చోట ఇల్లున్నంత మాత్రాన అక్కడ ఓటు రాదు. మామూలుగా నివాసముండే చోటే ఓటు, అదీ ఒక్కచోటే. బాపు ఊరికి మారితే పేరు మార్పించుకోవాలి. రేషన్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది కాబట్టి ఆర్నెల్ల కోసం దాన్ని కదపక్కర్లేదు.

చివరగా మీ అమ్మాయి. "అది తాతది, నాది గాదు" అన్న పిల్లను ఒప్పించే పని పెట్టుకోవద్దు. ఆమె చెప్పింది నిజం. జూన్ లోపల తేలాల్సిన ప్రశ్న ఆమె భవిష్యత్తుదే కాబట్టి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగేళ్ల రూలు, గుజరాత్ రూలు రెండూ చెప్పండి. డాక్టరు, ఇంజనీరు కాదు, సూరత్‌లోనే డిజైనింగ్ నేర్చుకుంటాను అనవచ్చు. అప్పుడు ఈ లెక్కలన్నీ మారిపోతాయి. ఈలోగా ఇద్దరు పిల్లలకూ తెలుగు అక్షరాలు నేర్పించండి. సూరత్‌లో ఉన్నా, హైదరాబాద్ వచ్చినా, ఊరికి వెళ్లినా పనికొచ్చేది అదొక్కటే. మీరు తెలుగు బడిలో ఏడు దాకా చదివారు, మీకన్నా మంచి పంతులు వాళ్లకు దొరకడు. రోజూ పడుకునే ముందు పావుగంట చాలు.

బాపును దింపడానికి వెళ్లేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. వారం రోజులు, పండగ లేని వారం. సిరిసిల్లలో, హైదరాబాద్‌లో ఒక్కో బడి చూపించండి. మీరు నలుగురు ఆసాములను, ఇద్దరు వ్యాపారులను కలవండి. జీతం ఎంతో, బడి ఫీజు ఎంతో, అమ్మాయి ఏమందో అన్నీ ఒక కాగితం మీద రాసుకుని మళ్లీ నాకు ఉత్తరం రాయండి. ఏప్రిల్‌లో అడ్మిషన్లు మొదలవుతాయి, దానికి ముందే రాయండి.